సగం గూడు చూపించిన గిజిగాడు

అనగనగా ఒక వాగు, ఆ వాగు మీదికి వంగిన ఒక తుమ్మచెట్టు, ఆ చెట్టు నిండా గిజిగాళ్ళు.

గిజిగాళ్ళలో గూడు అల్లేది మగపిట్ట. నచ్చిందో లేదో చెప్పేది ఆడపిట్ట. ఆమెకు నచ్చకపోతే ఆ ఏడు మగపిట్టకు సంసారమూ లేదు, పిల్లలూ లేరు.

వాళ్ళలో స్వర్ణశిఖుడి పనితనం చూసి తీరాలి. వరి ఆకును దారంలా చీల్చి ముడి మీద ముడి వేశాడంటే గాలికి కూడా సందు దొరకదు. అయితే గూడు పూర్తయ్యేదాకా ఎవరి కంటా పడనిచ్చేవాడు కాడు. సగం పని చూపిస్తే పరువు పోతుందని అతని బెంగ. రోజూ పొద్దున్నే పిట్టలన్నీ ఒక కొమ్మ మీద చేరి నిన్న ఏం అల్లాయో, ఇవాళ ఏం అల్లబోతున్నాయో, ఎక్కడ చిక్కుపడ్డాయో చెప్పుకునేవి. అవన్నీ పనిలేని కబుర్లని స్వర్ణశిఖుడు అటు తొంగిచూసేవాడే కాదు.

తిండీ తిప్పలూ మాని ఆకుల చాటున మొదటి గూడు ముగించాడు. చారుపక్ష అనే ఆడపిట్టను పిలిచాడు. ఆమె అంటే అతనికి ప్రాణం. ఆమె లోపల కూర్చోగానే పడమటి గాలి వీచింది, గూడు ఉయ్యాలలా ఊగింది. ఇందులో గుడ్లు నిలవవని చెప్పి ఆమె ఎగిరిపోయింది.

రోషం కొద్దీ తూర్పు వైపున ఇంకా సొగసైన గూడు అల్లాడు, మళ్ళీ చాటుగానే. ఈసారి చారుపక్ష లోపలికైనా వెళ్ళలేదు. కొమ్మ లావుగా ఉందని, పాము తేలిగ్గా పాకి వస్తుందని అంది. అంత చక్కని అల్లిక వృథా అయిందంటే చెబుతున్న నాకే ఉసూరుమనిపిస్తోంది.

ఇంతలో మబ్బులు కమ్ముకొచ్చాయి. వాన పడేలోగా గూడు కుదరకపోతే ఆ ఏటికి ఇక అంతే.

పక్క కొమ్మ మీద ధూసరుడనే ముసలి గిజిగాడు బోర్లించిన బుట్టలాంటి సగం గూడు కట్టి ఒక ఆడపిట్టకు చూపిస్తున్నాడు. ఆమె వద్దంది. ఆయన కొంచెమైనా నొచ్చుకోకుండా ఇంకో కొమ్మకు మారాడు.

"తాతా, నీకు సిగ్గనిపించదా?" అని అడిగాడు స్వర్ణశిఖుడు.

"సగంలో వద్దంటే పోయేది సగం పనే కదా నాయనా. నువ్వు అంతా అల్లేశాక అడుగుతున్నావు. అందులో ఉండబోయేది ఆమె. ఆమెను అడక్కుండా ఎంత బాగా అల్లితే మాత్రం ఏం లాభం?"

ఆ మాట సూటిగా తగిలింది. మర్నాడు పొద్దున స్వర్ణశిఖుడు అందరితోపాటు కొమ్మ మీద చేరి, తన ఆకులు ఎండి తెగిపోతున్నాయని తలవంచుకుని చెప్పాడు. వాగు మలుపులో పచ్చిగడ్డి ఉందని పక్కనున్న పిట్ట దారి చూపింది.

ఈసారి పడమటి గాలి తగలని చోట, సన్నని కొమ్మ చివర సగం గూడు కట్టి చారుపక్షను పిలిచాడు. ఆమె అటూ ఇటూ లాగి చూసింది.

"గది ఇరుకు. గోడ కాస్త జరిపితే ఉంటాను" అంది.

జరిపి మళ్ళీ చూపించాడు. గుమ్మం ఇంకాస్త కిందికి దించమంది, దించాడు. ఆఖరి ముడి పడేసరికి తొలి చినుకు రాలింది.

ఆ వానాకాలం ఎంత హోరుగాలి వీచినా ఒక్క గుడ్డూ జారలేదు. పిల్లలు గుమ్మంలోంచి తలలు బయటపెడుతుంటే, ఇంత మంచి గూడు ఎవరు కట్టారని పిట్టలన్నీ అడిగేవి. ఒకప్పుడు ఎవరినీ దగ్గరికి రానివ్వని స్వర్ణశిఖుడు, "ఇద్దరం కట్టాం" అనేవాడు.

ఈ రోజుల్లో కంప్యూటర్ల ముందు సాఫ్ట్‌వేర్ అల్లే జట్లు కూడా పొద్దున్నే నిలబడి ఇలాగే మాట్లాడుకుంటాయట, సగం పనిని ఇలాగే తెచ్చి చూపిస్తాయట. ఎవరి దగ్గర నేర్చుకున్నాయో ఆ తుమ్మచెట్టునే అడగాలి.

నీతి: చేసిన పనిని కొంచెం కొంచెంగా చూపించి, వాడుకునేవారి మాట విని దిద్దుకునేవారి శ్రమే నిలుస్తుంది.