తలుపు చెప్పిన తేదీ

రెండువేల పంతొమ్మిది ఆగస్టు పద్నాలుగు, బుధవారం. అనకాపల్లిలో తెల్లవారుజాము నుంచి ముసురు పట్టి, మధ్యాహ్నానికి కాస్త తెరిపి ఇచ్చింది. ఆ తెరిపిలోనే పిళ్ళా వారి అన్నదమ్ములు ముగ్గురూ, పైడిరాజు, గవర్రాజు, చిన్నంనాయుడు, పోయిన పెదనాన్న గారి సంవత్సరీకం నాడు ఆయన మేడకి ఆస్తి తెచ్చుకోవడానికి బయలుదేరారు.

ఊళ్ళో తమకన్నా తెలివైనవాళ్ళు లేరని ముగ్గురికీ గట్టి నమ్మకం. మిగతా జనం చెప్పింది ఒకటైతే చేసేది ఇంకొకటి. పిళ్ళా వాళ్ళు అలా కాదు. రేషను డిపోలో మిషను మీద వేలు పెట్టమంటే పైడిరాజు పెట్టాడు. తియ్యమని ఎవరూ అనలేదు. అంతే, డిపో మూసేదాకా అలాగే నిలబడ్డాడు. వెనకాల వరసలో జనం తిట్టారు. తిట్టేవాళ్ళకి పద్ధతి తెలీదని ఇంటికొచ్చి జాలిపడ్డాడు. ముగ్గురిలోనూ గవర్రాజుకి మరీ పేరు, ఎందుకంటే ఆయన కుర్రతనంలో కంప్యూటరు కోర్సులో చేరాడు. మొదటిరోజు కూర్చోమన్నారు. కోర్సు అయిపోయేదాకా కూర్చున్నాడు. సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు.

పెదనాన్న సత్తెంనాయుడు బెల్లం వ్యాపారి, పిల్లల్లేరు. తాళంచెవులు పారేసుకోవడంలో ఆయన్ని మించినవాడు జిల్లాలో లేడు. ఒకసారి పోయిన చెవి ఆయన కొట్లోనే బెల్లం దిమ్మలో గడ్డకట్టుకుపోయి, బరంపురం వెళ్ళి, అక్కడెవరో పానకం కలుపుకుంటే గ్లాసులో బయటపడింది. దాంతో విసుగెత్తి, వీధి తలుపుకి కార్డు చూపిస్తే తెరుచుకునే కరెంటు తాళం పెట్టించాడు. తలుపు పక్కన గూట్లో చిన్న కంప్యూటరు. రెండువేల ఆరు జనవరి ఒకటిన ఎక్కించిన సాఫ్ట్‌వేరు, ఆ తర్వాత దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు.

ఆయన వీలునామా కూడా ఆయనలాగే ఉంది. సంవత్సరీకం నాటి సాయంత్రం ఆరింటికి తన తమ్ముడి కొడుకులూ కోడళ్ళలో మేడమీద హాల్లో ఎవరుంటే ఆస్తి వాళ్ళదే. తలుపు తీసుకుని లోపలికి రాలేనివాడికి ఇల్లెందుకన్నది ఆయన వాదం. ఎవరూ రాకపోతే అంతా గోశాలకి. వకీలు కామేశం గారు పైన కూర్చుని చూడాలి కానీ, దిగొచ్చి తలుపు తియ్యకూడదు. వకీలు గారిది ఆ తాళం పెట్టిన రోజునే ఇచ్చిన కార్డు. పొద్దున్నే అది చూపించి లోపలికెళ్ళి, బాల్కనీలో కుర్చీ వేసుకున్నాడు.

పెద్ద కోడళ్ళిద్దరూ ఇంటిదగ్గర వంటలో ఉన్నారు. చిన్నంనాయుడి భార్య ఆదెమ్మ మాత్రం గారెల క్యారేజీ పట్టుకుని వెంట వచ్చింది. పైడిరాజు చేతిలో దండ వేసిన పెదనాన్న ఫోటో.

గవర్రాజు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, కార్డు చూపించాడు. ఎర్ర లైటు వెలిగింది. కంప్యూటరు తెరమీద 'ఈరోజు 1 జనవరి 2006. ఈ కార్డు ఇంకా పుట్టలేదు' అన్న అర్థం వచ్చే మాటలు కనబడ్డాయి. జరిగింది చిన్న సంగతే. మిషను లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. తెల్లవారుజామున ముసురుకి కరెంటు పోయి వచ్చేసరికి, అది తేదీ మరిచిపోయి తన మొదటి రోజుకి వెళ్ళి కూర్చుంది. అన్నదమ్ముల కార్డులేమో తర్వాతెప్పుడో ఇచ్చినవి.

కంప్యూటరు పెట్టె మీద కంపెనీ వాళ్ళ ఫోను నంబరు ఉంది. గవర్రాజు చేశాడు. హైదరాబాదులో ఎవరో అమ్మాయి అంతా ఓపికగా విని, "సర్, మీ సాఫ్ట్‌వేర్ చాలా పాతది. మిషన్‌లో తేదీ, బయట తేదీ కలవడం లేదు. ముందు ఆ రెండూ ఒకటి చెయ్యండి" అంది.

"ఎలగ చెయ్యాలో అడగరా తమ్ముడూ" అన్నాడు పైడిరాజు.

"అడగడానికేటుందన్నయ్యా, తెలుగులోనే చెప్పింది కదా" అని గవర్రాజు ఫోను పెట్టేశాడు.

రెండూ ఒకటి చెయ్యాలి. మిషనుదేమో ఇనప పెట్టె, దానికి సీలు వేసి ఉంది. పైగా అది పెద్దవాళ్ళు పెట్టించిన తేదీ, మార్చడం మర్యాద కాదు. మార్చడానికి వీలుగా ఉన్నది బయట తేదీయే. ఇంకేముంది, బయటంతా రెండువేల ఆరు జనవరి ఒకటి చేసెయ్యడానికి ముగ్గురూ నడుం కట్టారు.

టీ కొట్లో క్యాలెండరు తిప్పి గోడకి పెట్టారు. దారిన పోయే ప్రతివాడికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పారు. ఒకాయన గొడుగు కింద నుంచి అయోమయంగా, మీక్కూడా అన్నాడు. పైడిరాజుకి అప్పట్లో మీసం నల్లగా ఉండేది. ఎదురుగా చెప్పులు కుట్టేవాడి దగ్గర పాలిష్ అడిగి దట్టంగా పట్టించాడు. గవర్రాజుకి అప్పట్లో కళ్ళజోడు లేదు, తీసి జేబులో పెట్టుకుని పావుగంటసేపు కరెంటు స్తంభంతో మాట్లాడాడు. అది అన్నయ్యే అనుకున్నాడు.

చిన్నంనాయుడికి అప్పటికి పెళ్ళి కాలేదు. ఆదెమ్మ దగ్గరికెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, తమరెవరో నేనెరగను. పరాయి ఆడకూతురు నాతో తిరగడం బాగోదు."

"ఈ గారెలెవరికి మరి?"

"ఎవరికి తెచ్చారో వాళ్ళకే ఇవ్వండమ్మా."

ఆదెమ్మ సరేనంది. పరాయి మగాళ్ళతో మాటలేమిటని, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, మెట్టు మీద అటు తిరిగి కూర్చుంది.

అప్పుడు పైడిరాజు కళ్ళు ఫోటో మీద పడ్డాయి. రెండువేల ఆరులో పెదనాన్న నిక్షేపంలా ఉన్నాడు కదా. బతికున్న మనిషికి దండేమిటని హడలిపోయి, దాన్ని తీసి తన మెళ్ళో వేసుకున్నాడు. బతికుంటే ఇంట్లోనే ఉంటాడు, ఇంట్లో ఉంటే తలుపు తీస్తాడు. ముగ్గురూ కలిసి తలుపు బాదారు.

"పెదనాన్నా, మేం. తలుపు తియ్యి."

పైనుంచి వకీలు గారు వంగి చూశాడు. "ఎవర్నిరా పిలుస్తున్నారు? ఆయన పోయి ఏడాది అయింది."

"మీకలాగే ఉంటాదండి" అన్నాడు గవర్రాజు, "మీరు లోపలున్నారు. ఇక్కడ బయటింకా బతికే ఉన్నాడు."

వకీలు గారు ముప్ఫై ఏళ్ళ ప్రాక్టీసులో ఎన్నో కేసులు చూశాడు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

పెదనాన్న తలుపు తియ్యలేదు. మధ్యాహ్నం నిద్రేమో అనుకున్నారు. ఐదు దాటింది. తూర్పున మబ్బు కాటుకలా కమ్ముకొచ్చింది. గవర్రాజు మళ్ళీ ఫోను చేశాడు. తేదీలు ఒకటయ్యాయా అని అడిగింది అమ్మాయి. అయ్యాయి, వీధివీధంతా చేశాం, ఒక్క వకీలే మాట వినడం లేదన్నాడు. ఆ అమ్మాయి నిదానంగా చెప్పింది. కరెంటు ఆపాలి, లైట్లన్నీ ఆరిపోయాక మళ్ళీ వెయ్యాలి, పచ్చ లైటు వెలిగాక లోపలికెళ్ళాలి.

ముగ్గురూ వీధిమీద పడ్డారు, లైట్లు ఆర్పించడానికి. మందుల కొట్టువాడు పొమ్మన్నాడు. దర్జీ కత్తెర పట్టుకుని నాలుగంగలు తరిమాడు. మంగలి గడ్డం సగంలో ఉందని బతిమాలాడు. అంతలో ఈదురుగాలి లేచింది, వాన దిగింది, ఊరంతా ఒక్కసారి కరెంటు పోయింది.

"చూసారా, ఆఖరికి అందరూ విన్నారు" అన్నాడు పైడిరాజు. వానకి మీసం కరిగి గడ్డం మీదుగా పెదనాన్న ఫోటో మీద పడుతోంది.

కరెంటు మీద నిలబడ్డ తాళం కరెంటు పోతే పట్టు వదిలేస్తుంది. గాలి ఒక్క తోపు తోసింది. అంతే, వీధి తలుపు బార్లా తెరుచుకుంది. గారెలు తడిసిపోతున్నాయని ఆదెమ్మ క్యారేజీ ఎత్తుకుని లోపలికి నడిచి, మేడమీద హాల్లోకి వెళ్ళింది. పచ్చ లైటు సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పబోతే పరాయివాళ్ళాయె.

గవర్రాజు పెట్టె వైపు చూశాడు. పచ్చ లైటు లేదు, కార్డు చూపించలేదు, తలుపు తెరుచుకుంది. ఇన్నాళ్ళ చదువులో ఇలాంటిది చూడలేదు.

"లాగండ్రా, ముందు మూసెయ్యండి" అని అరిచాడు.

ముగ్గురూ వానలో తలుపు పట్టుకుని లాగి, మూసి, వెనక్కి వాలి బిగబట్టారు. గాలి తెరవాలని చూస్తోంది, వీళ్ళు మూస్తున్నారు.

పైనుంచి వకీలు గారు ఉండబట్టలేకపోయాడు. "నాయనా గవర్రాజూ, అది తెరుచుకునే ఉంది కదా. ఆరు కావస్తోంది."

"తెలుసండి. కానీ తెరుచుకునే ఉంటే మేం తెరిచేదెలగండి? కాస్త ఓపిక పట్టండి, కరెంటొచ్చేస్తాది."

వచ్చింది. తాళం టక్కున పట్టుకుంది. గవర్రాజు తెరకి ముక్కు ఆనించి చదివాడు. ఒకటి జనవరి రెండువేల ఆరు. తేదీ ఏమాత్రం కదల్లేదు, తాము చేసిన పని నిలబడిందని ముగ్గురూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. కార్డు చూపించారు. ఎర్ర లైటు. మళ్ళీ చూపించారు. మార్కెట్టు గడియారం ఆరు కొట్టింది.

మేడా, కింద బెల్లం కొట్టూ, అందులో సరుకూ ఆదెమ్మకి వచ్చాయి. హాల్లో ఉన్న కోడలు ఆవిడొక్కతే. గారెల్లో సగం వకీలు గారికి వెళ్ళాయి. పైడిరాజుకి దండ మిగిలింది. గోశాలకి ఏమీ రాలేదు.

చిన్నంనాయుడికీ ఏమీ రాలేదు కానీ, అంత ఆస్తి ఉన్న పిల్ల, మంచి సంబంధం, తనకా ఇంకా పెళ్ళి కాలేదు అని, మర్నాడు పెద్దన్నయ్యని పళ్ళూ పూలూ ఇచ్చి ఆ మేడకి పంపించాడు. ఆదెమ్మ కాఫీ ఇచ్చి, కుర్రాడి గురించి వాకబు చేసి చెప్తానంది.

గవర్రాజుకి ఏమీ రాలేదు. పాపం అని ఎవరైనా జాలిపడితే ఆయన నవ్వుతాడు. ఆస్తి అనేది మనిషి పోయాక కదా వచ్చేది, పెదనాన్న ఇంకా బతికే ఉన్నాడు, ఇప్పట్నుంచీ తొందరేమిటంటాడు.