జానెడు మూరకర్ర

ఏ పటంలో వెతికినా కనిపించని తుమ్మలకోట రాజ్యాన్ని ప్రచండబాహు అనే మహారాజు ఏలుతుండేవాడు. ఈ కథ చెప్పేవాడిది వానాకాలం చదువు, లెక్కలు అసలే రావు. ఇదేమో కొలతల కథ. ఎక్కడైనా వేలెడు అటూ ఇటూ అయితే చదివేవారు సర్దుకోవాలి. తుమ్మలకోట జనం నలభై ఏళ్ళు సర్దుకోలేదూ?

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. కొత్త రాజుకు పట్టం కట్టిన రోజున, ఆయన మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా కొలిచి, ఆ పొడవున ఒక వెదురు కర్ర కోసి, రెండు చివర్లా బంగారు పొన్నులు తొడిగి, రాజముద్ర వేస్తారు. ఆయన ఉన్నంత కాలం ఆ రాజ్యంలో మూర అంటే అదే.

వచ్చిన చిక్కల్లా, పట్టాభిషేకం నాటికి ప్రచండబాహుకు నాలుగేళ్ళు. పైగా ఆ వేళ ఏడుపు మాన్పడానికి ఎవరో చేతిలో బెల్లంముక్క పెట్టారు. వేళ్ళు చాపమంటే చాపడు. ముహూర్తం దాటిపోతోందని పురోహితులు పిడికిలి దాకానే కొలిచి చేతులు దులుపుకున్నారు. అలా మూర కాస్తా జానెడై కూర్చుంది.

రాజు పెరిగాడు, చెయ్యీ పెరిగింది. కర్ర పెరగలేదు. సంగతి ఊరందరికీ తెలుసు, ఒక్క రాజుకు తప్ప. పదహారు మూరల చీర కావలసిన ఇల్లాలు కొట్లో ముప్ఫయి రెండు మూరలు అడిగి తెచ్చుకునేది. అంతే తప్ప, ముద్ర పడిన కొలత కురచ అని ఎవరూ నోరెత్తలేదు. రాజు మూర కురచ అంటే రాజు చెయ్యి కురచ అన్నట్టే కదా! అలా అన్నవాడికి ఏం శిక్ష పడుతుందో కూడా ఎవరికీ తెలియదు, అన్నవాడు లేడు గనక.

ఇలా రోజులు బాగానే గడుస్తుండగా, గంభీరరాయడు అనే ఆయన పుర శోభాధికారిగా కొలువులో చేరాడు. చేరిన వారంలోనే, రాజుగారి తాతగారు వేయించిన పాత శాసనం ఒకటి దుమ్ము దులిపి పైకి తీశాడు. ఇళ్ళ ముందు దడి రాజు మూరతో మూడు మూరలకు మించరాదు. వీధి అరుగు గోడ నుంచి రెండు మూరలకు మించి ముందుకు రారాదు. తాతగారివి నిజంగా పొడుగు చేతులు. ఆయన కాలంలో మూడు మూరలంటే మనిషి గుండెల దాకా వచ్చేది. ఇప్పుడు మూడు మూరలంటే మోకాలికి కాస్త పైకి.

గంభీరరాయడు అంతటితో ఆగలేదు. వీధికొక పెద్దల సభ పెట్టాడు. ఆ సభలు రోజుకో తీర్మానం చేసేవి. బీరతీగ కుడివైపుకే పాకాలి. దడిలో బద్దలన్నీ ఒకే వయసువై ఉండాలి. ఆరేసిన బట్టలు వీధికి కనిపించరాదు. కనిపిస్తే బాగా ఉతికినవై ఉండాలి. సభలో పదిమందీ ప్రతిదానికీ తలలూపేవారు. ఎందుకయ్యా అంటే, మిగతా తొమ్మిదిమందీ ఊపుతున్నారని.

ఊళ్ళో దడులన్నీ మోకాళ్ళ మీదికి దిగాయి. మేకలకు పండగొచ్చింది. ఆ మేకల్లో సగం గంభీరరాయడివే. మేకల గురించి శాసనంలో ఏమీ లేదు.

ఆ ఊళ్ళో మేదరి ఓబులేసు అని, దడులు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు ఒకడున్నాడు. ఊరందరి దడులూ నిటారుగా నిలబెట్టే ఓబులేసు సొంత ఇంటి దడి మాత్రం మూడేళ్ళుగా పక్కింటి మీదికి వాలి ఉండేది. ఎవరైనా వెక్కిరిస్తే, "వాలడం కాదు, నమస్కారం పెడుతోంది. మర్యాద తెలిసిన దడి" అనేవాడు.

అతన్ని ఒకనాడు పూల బయ్యమ్మ కబురంపి పిలిపించింది. ఇంటి ముందు మడుల్లో కనకాంబరాలు, మరువం వేసుకుని, దండలు కట్టి అమ్ముకుని బతికే ముసలమ్మ ఆమె.

"నాలుగుసార్లు వేశాను రా ఓబులేసూ. నాలుగుసార్లూ మేకలే తిన్నాయి. ఈసారీ పోయాయంటే ఇక నేను తినేది మన్నే" అంది బయ్యమ్మ.

"మంచి దడి కడతానవ్వా. బురదలో కూర్చోకుండా ముందు వెదురు అరుగు కూడా వేస్తాను. మీద కూర్చుని దండలు కట్టుకుందువు."

"మూడు మూరలే అంటున్నారుగా?"

"రాజుగారి మూరతో మూడంటే మూడే కడతాను. నా దగ్గర కొలత ఉంది" అని ఓబులేసు నడుము నుంచి గాటు పెట్టిన వెదురు బద్ద ఒకటి తీశాడు. నిరుడు రాజుగారి పల్లకీకి, చెయ్యి ఆనించుకునే చేతిదాపు అల్లింది అతనే. రాజు మోచెయ్యి ఆనేది ఎక్కడ, వేలి కొస తాకేది ఎక్కడ అని అప్పుడు గుర్తు పెట్టుకున్న బద్ద అది. మేదరివాళ్ళు ఏ కొలతనూ మనసులో ఉంచుకోరు, బద్ద మీద గాటు పెట్టుకుంటారు.

మూడు రోజుల్లో దడి లేచింది. అరుగు మీద బయ్యమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. మేకలు వచ్చి చూసి, వెనక్కి వెళ్ళి, యజమానిని వెంటబెట్టుకొచ్చాయి.

గంభీరరాయడు పట్టుగుడ్డలోంచి మూరకర్ర తీసి దడిని కొలిచాడు. మరోసారి కొలిచాడు.

"ఆరు మూరలు! అరుగు నాలుగు! ఒరేయ్, ఎవడ్రా ఇది కట్టింది?"

"నేనేనయ్యా. మూడు మూరలే కట్టాను."

"కళ్ళు కనిపించడం లేదా? ఇది ప్రభువుల మూర! దీనికి మించినదేదైనా సరే, నరికెయ్యవలసిందే. దడి కానీ, అరుగు కానీ, అది ఎవరిదైనా కానీ!"

"ఎవరిదైనానా అయ్యా?"

"ఎవరిదైనా! శాసనానికి ముఖం చూసే అలవాటు లేదు."

ఓబులేసు ఆ మాట జాగ్రత్తగా వినిపెట్టుకున్నాడు. గంభీరరాయడు అతని మేదరి కత్తి లాక్కున్నాడు. మర్నాడు రాజసభలో విచారణ. తప్పు రుజువైతే దడీ అరుగూ కూలుతాయి, ఓబులేసు ఇక ఊళ్ళో వెదురు ముట్టకూడదు. కత్తి లేని మేదరివాడంటే నాగలి లేని రైతే.

"నా పూల కోసం నీ పొట్ట కొట్టాను నాయనా" అని బయ్యమ్మ కళ్ళొత్తుకుంది.

"ఏం కాదవ్వా. నువ్వు రేపటికి ఒక మంచి దండ కట్టి ఉంచు. రాజుగారి మెడలోకో, నా బొమ్మ మీదికో, ఎలాగూ పనికొస్తుంది."

మర్నాడు సభ తీరింది. వందిమాగధులు ఎప్పటిలాగే గొంతు విప్పారు. "ఆజానుబాహూ! మోకాళ్ళను తాకే దీర్ఘబాహువుల మహారాజా!" అని పొగిడారు. ప్రచండబాహుకు ఉన్న గర్వమల్లా ఆ చేతులే. కూర్చుంటే అవి అందరికీ కనిపించేలా ముందుకు చాపుకుని కూర్చునేవాడు.

గంభీరరాయడు నేరం చదివాడు. రాజు కనుబొమలు ముడిచాడు. "ఏమిరా, మా మూరను మీరావా?"

ఓబులేసు సాష్టాంగపడి లేచాడు. "తప్పు నాదే ప్రభూ. నేను మోసపోయాను."

"ఎవరు మోసం చేశారు?"

"అదుగో, ఆ పొగిడే అయ్యలు."

వందిమాగధులు ఒకరి వెనక ఒకరు నక్కారు.

"రోజూ కోట గుమ్మం దగ్గర వెదురు చీల్చుకుంటూ వీళ్ళ పాట విని, మా రాజుగారివి పొడుగు చేతులని నమ్మాను. పల్లకీ అల్లినప్పుడు తమరి చెయ్యి ఇదుగో, ఈ బద్దంత ఉందనుకున్నాను. నా కళ్ళకు ఏ పొర కమ్మిందో! దీనితోనే మూడు మూరల దడి కట్టాను. తమరి మూర అసలు ఇంతేనని నిన్న అధికారిగారు చెప్పేదాకా నాకు తెలియలేదు" అని బొటనవేలూ చిటికెనవేలూ చాపి జానెడు చూపించాడు. "ముందే తెలిసుంటే పల్లకీ చేతిదాపు కూడా సగానికి కోసేసేవాణ్ణి."

రాజు ముఖం కందగడ్డ అయింది. "నా చెయ్యి చిన్నదని అన్నదెవడు?"

"నేను కాదు ప్రభూ. నేను పెద్దదనే అన్నాను. అందుకే నా కత్తి పోయింది."

"ఏదీ, ఆ కర్ర ఇలా తే!"

రాజు తనే కర్రను మోచేతి దగ్గర ఆనించి చూసుకున్నాడు. కర్ర కొస ముంజేతి కంకణం దాకా కూడా రాలేదు.

"గంభీరరాయా, ఇది ఎవరి మూర?"

"ప్రభువులదే."

"అయితే నా చెయ్యి ఇంతేనా?"

"కాదు ప్రభూ! అంటే, అవును ప్రభూ! శాసనం ప్రకారం చూస్తే..."

"కళ్ళతో చూడు! ఏది తప్పు? కర్రా, చెయ్యా?"

గంభీరరాయడు సాయం కోసం, తన వెంట వచ్చిన వీధి సభ పెద్దల వైపు చూశాడు. పదిమందీ అలవాటు కొద్దీ తలలు కదిలించబోయారు. అవుననాలో కాదనాలో తేలక, పది తలలూ తిరగలి రాళ్ళలా గుండ్రంగా తిరిగాయి.

"ముద్ర పడిన కర్ర తప్పడం ఉండదు ప్రభూ" అన్నాడు గంభీరరాయడు, చెమటలు తుడుచుకుంటూ. "ప్రభువుల చెయ్యే... మూర కంటే ఒకింత... మించింది."

ఓబులేసు చేతులు జోడించాడు. "అయ్యా, మూరకు మించినదాన్ని ఏం చెయ్యాలని నిన్న సెలవిచ్చారు? ఎవరిదైనా సరే అని కూడా అన్నారు. నరకడానికి నా కత్తి తమరి దగ్గరే ఉంది."

గంభీరరాయడు తన మొలలో ఉన్న కత్తిని చూసుకున్నాడు. రాజు తన చేతిని చూసుకున్నాడు, కర్రను చూశాడు, మళ్ళీ చేతిని చూసుకున్నాడు. ఉన్నట్టుండి సింహాసనం కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టాడు.

రాజు నవ్వాడు గనక ముసలి మంత్రికి ధైర్యం వచ్చింది. నలభై ఏళ్ళుగా కడుపులో దాచుకున్న బెల్లంముక్క సంగతి బయటపెట్టాడు. అది విని రాజుకు నవ్వాగక కళ్ళ నీళ్ళొచ్చాయి.

"అంటే ఇన్నేళ్ళూ నా రాజ్యాన్ని బెల్లంముక్కతో కొలిచారా!" అన్నాడు. అక్కడికక్కడే కొత్త కర్ర తెప్పించి, చెయ్యి బారచాపి, వేళ్ళన్నీ విప్పి సభకంతా తిప్పి చూపించాడు. "అందరూ చూసుకోండి. ఈసారి చేతిలో ఏమీ లేదు."

కొత్త మూరతో బయ్యమ్మ దడి మూడు మూరలు, అరుగు రెండు మూరలు, వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయి. రాజు బయ్యమ్మ కట్టిన దండ మెడలో వేసుకుని, ఓబులేసుకు కత్తి తిరిగి ఇప్పించి, శాలువా కప్పాడు.

"ఇకనుంచి మూరకర్ర నువ్వే మొయ్యి. శోభాధికారివి నువ్వే."

"వద్దు ప్రభూ. వెదురు చేతికిస్తే నేను చీలుస్తాను, మొయ్యలేను. అదీగాక, ఆ ఉద్యోగంలో చేరిన రోజునే మా ఇంటి దడిని నేనే కూల్చుకోవలసి వస్తుంది. కావాలంటే ఆ పాత కర్ర ఇప్పించండి."

"పొన్నుల బంగారం కోసమా?"

"పొన్నులు ఉంచేసుకోండి. ఆ పొడవుతో నాకు పనుంది."

ఆ పని ఏమిటో సాయంత్రానికి వీధంతా చూసింది. రాజముద్ర వేసిన పాత మూరకర్ర బయ్యమ్మ దడి తలుపుకు గడియగా అమరింది, కొలిచి చేయించినట్టు. ఉద్యోగం ఊడిన గంభీరరాయడు తన మేకల్ని తనే తోలుకుంటూ అటుగా వచ్చాడు. మేకలు దడిని పైకీ కిందికీ చూసి, చివరికి ఆ గడియ దగ్గర ఆగి నిలబడ్డాయి. గంభీరరాయడు కూడా నిలబడ్డాడు.

"పట్టుగుడ్డ ఉంటే ఇచ్చిపో నాయనా" అంది బయ్యమ్మ అరుగు మీద నుంచి, దండ కడుతూనే. "వానొస్తే గడియ తడుస్తుంది."