చట్టప్రకారం టపాసుల కొట్టు

బుడతపాడులో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే, అడిగినవాణ్ణే పిచ్చివాణ్ణి చూసినట్టు చూసేవాడు గవరయ్య. "ఎవరింట్లో ఏంటయ్యా? మా ఇంట్లోనే. మిగతా ఇళ్ళల్లో దాన్ని పెట్టుకోడానికి చోటేదీ?" అనేవాడు. ఆయన లెక్క ప్రకారం తెలివంటే చెప్పిన మాటను చెప్పినట్టు వినడం. గవరయ్య అలాగే వింటాడు. తమ్ముళ్ళు పోలయ్య, సిమ్మాద్రి అంతకంటే బాగా వింటారు. పెళ్ళాం నూకాలు కాపురానికొచ్చిన కొత్తలో కాస్త ఎదురు ప్రశ్నలు వేసేది గానీ, ఆ ఇంటి గాలి తగిలాక ఆవిడా దారిలో పడింది. డాక్టరు "మాత్ర వేసుకుని పడుకో" అన్నాడని, ఆయనే వచ్చి లెమ్మనేదాకా మంచం దిగని వంశం అది! అలాంటివాళ్ళకి చట్టం అంటే ఎంత గౌరవమో వేరే చెప్పాలా?

ఆ యేడు దీపావళికి టపాసుల కొట్టు పెట్టాలని గవరయ్యకి బుద్ధి పుట్టింది. అప్పటిదాకా ఊళ్ళో టపాసులమ్మేది ఆదెయ్య ఒక్కడే. కిరసనాయిలు డబ్బాల పక్కన చిచ్చుబుడ్లు పేర్చి, నోట్లో వెలిగించిన చుట్ట పెట్టుకుని మరీ అమ్మేవాడు. లైసెన్సూ లేదు, గిసెన్సూ లేదు. "వాడిది దొంగ యాపారం. మనం చట్టప్రకారం పెట్టామా, ఊరంతా మన కొట్టుకే వస్తుంది" అన్నాడు గవరయ్య. తమ్ముళ్ళు చప్పట్లు కొట్టారు.

కానీ సరుకు తేవలసింది కూడా ఆ ఆదెయ్య దగ్గరే. ఆదెయ్య ఊరికే ఇచ్చే రకమా? నూకాలు పాలగేదె నల్లమ్మని తాకట్టు అడిగాడు. పండగలోపు సరుకమ్మి బాకీ తీరిస్తే గేదె వాళ్ళది, లేదంటే తనది.

గేదెను ఆదెయ్య దొడ్డికి తోలేటప్పుడు నూకాలు దాని మెడ పట్టుకుని బావురుమంది. "చూడు మావా, పండగ పొద్దుకి నా నల్లమ్మ నా పాకలో ఉండాలి. లేదా, ఇంట్లో పొయ్యి వెలగదు. మీ అన్నదమ్ములు ముగ్గురూ ఆ చట్టాన్నే ఉడకేసుకుని తినండి" అంది. గవరయ్య గుండె గుభేలుమంది. పెరుగు లేనిదే ఆయనకి ముద్ద దిగదు. పైగా ఆ గేదె ఇంట్లో లేకపోతే ఆయనకీ ఏదో వెలితే, పైకి చెప్పడు, అంతే. "వస్తుందే పిచ్చిదానా! చట్టం మన పక్షాన ఉంది" అని ఆవిడ కళ్ళు తుడిచాడు.

లైసెన్సిచ్చే ఆఫీసరు భోజనానికి లేవబోతూ నిబంధనలు గబగబా అప్పజెప్పాడు. "లైసెన్సు అందరికీ కనబడాలి. కొట్టు జనం మసిలే చోటుకి దూరంగా ఉండాలి. ఇసుకా, నీళ్ళూ పక్కనే ఉండాలి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకి అమ్మకూడదు. సరుకు నిప్పుకి దూరంగా ఉంచాలి. లైసెన్సు లేనివాడి దగ్గర ఎక్కువ సరుకుంటే నేరం. అర్థమైందా?"

"అర్థం కాకపోవడానికి మేమేమన్నా తెలివితక్కువ వాళ్ళమా అండీ?" అన్నాడు గవరయ్య. ఆఫీసరు వాళ్ళ ముగ్గురి మొహాలూ చూసి, ఏదో అడగబోయి, ఆకలేసి ఊరుకున్నాడు.

ఇంకేముంది, లైసెన్సు చేతికొచ్చింది. మొదటి నిబంధన అందరికీ కనబడాలని కదా! అన్నదమ్ములు దాన్ని కర్రకి కట్టి ఇల్లిల్లూ తిప్పారు. నిద్రపోయేవాళ్ళని లేపి చూపించారు. స్నానం చేసేవాళ్ళని తలుపు కొట్టి బయటికి పిలిచి చూపించారు. చివరికి చూపు పోయిన సన్నాసి తాత ఇంటికొచ్చేసరికి పోలయ్యకి చెమటలు పట్టాయి.

"అన్నయ్యా, అందరికీ అన్నాడు. తాత కూడా అందరిలో వాడే కదా. ఈయనకి కనబడకపోతే మనం నేరం చేసినట్టే!"

లైసెన్సు తాత కళ్ళకి దగ్గరగా పెట్టారు. దూరంగా పెట్టారు. ఎండలో పెట్టారు. నీడలో పెట్టారు. పొద్దు వాలిపోతోంది, తాత అన్నానికి ఆలస్యమైపోతోంది. "ఆఁ, కనబడిందిరా నాయనా! భేషుగ్గా కనబడింది. అక్షరాలు కాస్త పెద్దవి రాయిస్తే ఇంకా బాగుండేది. ఇక పొండి!" అన్నాడాయన. అంతే, ముగ్గురూ ఊపిరి పీల్చుకుని, అక్షరాలు పెద్దవి చెయ్యలేదని ఆఫీసరు మీద చిరాకు పడుతూ ఇంటికొచ్చారు.

మర్నాడు కొట్టు పెట్టే చోటు వెతికారు. ఇసుకుండాలి, నీళ్ళుండాలి, జనం ఉండకూడదు. "ఏరు!" అని అరిచాడు సిమ్మాద్రి. గవరయ్య తమ్ముణ్ణి కావలించుకున్నాడు. ఊరవతల ఏటి నడిమధ్యన, ఇసుకతిన్నె మీద తాటాకు పందిరేశారు. చుట్టూ ఇసుక, అటూ ఇటూ నీళ్ళు, కనుచూపు మేర మనిషి లేడు. ఇంత చట్టప్రకారం ఉన్న కొట్టు ఈ జిల్లాలో ఉండదని గవరయ్య మీసం దువ్వాడు.

అంతలో కంసాలి వీరాచారి పంచె ఎగ్గట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళల్లో పడి వచ్చాడు. "ఏం గవరయ్యా, మతాబులున్నాయా?"

"ఆగు ఆచారీ, అక్కడే ఆగు!" గవరయ్య రెండు చేతులూ చాచాడు. "నువ్వొచ్చావంటే ఇక్కడ జనం మసిలినట్టే. వెనక్కెళ్ళు."

"మరి కొనేదెట్టా?"

"కొనడం గురించి చట్టం ఏం చెప్పలేదు. దూరంగా ఉండడం గురించే చెప్పింది."

వీరాచారి గొణుక్కుంటూ వెనక్కి తిరిగాడు. ఇంతలో పోలయ్యకి అనుమానమొచ్చింది. "అన్నయ్యా, మరి మనం జనం కాదా?" అన్నాడు. గవరయ్య ఉలిక్కిపడ్డాడు. నిజమే! పొద్దుట్నించీ తామే మసులుతున్నారక్కడ. అంతే, కొట్టు వదిలేసి ముగ్గురూ పరుగో పరుగు. అటొడ్డునెక్కి కూర్చుని అక్కణ్ణించి కొట్టుని చూస్తూ, చట్టాన్ని కాపాడామని ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు. సాయంత్రానికి నూకాలు అన్నం మూటతో వచ్చి, కొట్టులో మనిషి లేకపోవడం చూసి తల బాదుకుంది. "ఏవయ్యోవ్! అమ్మకపోతే నల్లమ్మ ఎట్టా వస్తుందయ్యా? కొనేవాణ్ణి ఒక్కొక్కణ్ణే రానియ్యండి. ఒక్కడొస్తే జనం అవుతాడా?" అంది.

"ఒక్కడు జనం కాదు" అని గవరయ్య ఒప్పుకున్నాడు. ఆ రోజంతా ఆ ఇంట్లో పుట్టిన తెలివి అదొక్కటే.

ఆ మర్నాడు ఒక్కొక్కరే వచ్చారు. ముందొచ్చింది పిల్లలు, ఒకడి వెనక ఒకడు వరసకట్టి. గవరయ్య వేలెత్తి "పద్దెనిమిదేళ్ళు నిండాయా?" అని అడిగాడు. లేదన్నారు. "అయితే మీకు అమ్మం" అన్నాడు. పిల్లలు మొహాలు వేలాడేశారు. ఒకడు ఏడుపు లంకించుకున్నాడు. గవరయ్య మనసు కరిగిపోయింది. చట్టం వైపు చూడాలి, పిల్లల వైపూ చూడాలి. కాసేపు గడ్డం గోక్కుని అన్నాడు: "ఒరే తమ్ముళ్ళూ, ఆఫీసరు అమ్మకూడదన్నాడు. ఇవ్వకూడదన్నాడా?"

"అనలేదన్నయ్యా!"

"అయితే ఊరికే ఇచ్చెయ్యండి."

ఇంకేముంది! ఆ కబురు ఊళ్ళోకి పాకింది. పక్కూళ్ళ పిల్లలు కూడా గోచీ బిగించి ఏట్లో దూకారు. మీసాలొచ్చినవాళ్ళు ఇంటికి పరిగెత్తి గీసుకుని మరీ వచ్చారు. "నీకెన్నేళ్ళు?" అంటే "పదిహేడు" అని సన్నగొంతుతో చెప్పి బుట్టలు నింపుకున్నారు. మధ్యాహ్నానికి సగం సరుకు ఖాళీ. "చూశావా, ఎంత గిరాకీనో!" అని గవరయ్య నూకాలు వైపు తిరిగాడు. ఆవిడ డబ్బు పెట్టె తెరిచి చూసింది. పెట్టెలో ఒక సాలీడుంది.

"నా నల్లమ్మ పోయిందిరో దేవుడో!" అని ఆవిడ ఇసుకలో కూలబడింది. గవరయ్య ఆవిణ్ణి లేవనెత్తాడు. ఇక పెద్దవాళ్ళకి గట్టిగా అమ్మి తీరాలనుకున్నాడు.

అప్పుడు మళ్ళీ వచ్చాడు వీరాచారి, పాపం, డబ్బు చేత్తో పట్టుకుని. గవరయ్య మతాబుల పెట్టె అతని చేతిలో పెట్టబోయి ఆగాడు. "ఆచారీ, ఒట్టెయ్యి."

"ఏమని?"

"వీటిని నిప్పు దగ్గరికి తీసుకెళ్ళనని. సరుకు నిప్పుకి దూరంగా ఉంచాలి. ఇది చట్టం."

వీరాచారికి ఒళ్ళు మండింది. "నిప్పు తగలకుండా మతాబుల్ని ఏం చేసుకోమంటావురా? ఆవకాయలో వేసుకోమంటావా?"

"ఆవకాయ గురించి ఆఫీసరు చెప్పలేదు బాబూ, కనుక్కుని చెప్తాం" అన్నాడు సిమ్మాద్రి ఎంతో మర్యాదగా. వీరాచారి డబ్బు జేబులో కుక్కుకుని, నీళ్ళల్లో కాళ్ళు టపటపలాడించుకుంటూ, సరాసరి ఆదెయ్య కొట్టుకెళ్ళాడు. ఊరంతా అటే వెళ్ళింది. ఆదెయ్య చుట్ట పీలుస్తూ అమ్ముతూనే ఉన్నాడు.

పండగ రోజు పొద్దున్నకి ఆదెయ్య కొట్టులో సరుకైపోయింది. ఏట్లో ఇంకా సగం సరుకుందని వాడికి తెలుసు. నల్లమ్మ పలుపు పట్టుకుని, సరుక్కి బండి కూడా తోలుకుని ఇసుకతిన్నె మీదికొచ్చాడు. "గవరయ్యా, నీ బాకీ చెల్లు. గేదెను తీసుకో, మిగిలిన సరుకు నాకిచ్చెయ్" అన్నాడు.

నూకాలు ఒక్క గెంతులో గేదె మెడ పట్టుకుంది. నల్లమ్మ ఆవిడ చెయ్యి నాకింది. గవరయ్యకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ క్షణంలో ఆయన చట్టం మర్చిపోయాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. సరుకిచ్చేశాడు, పలుపు అందుకున్నాడు. కథ అక్కడే ఆగిపోతే ఎంత బాగుండేది! కానీ ఆదెయ్య బండి గట్టెక్కి కనుమరుగవగానే ఆయనకి చివరి నిబంధన గుర్తొచ్చింది.

"ఒరే! ఆదెయ్యకి లైసెన్సు లేదు. వాడి దగ్గర అంత సరుకుంటే నేరం కదురా!"

"నేరమే అన్నయ్యా!"

"తెలిసీ ఊరుకుంటే మనదీ నేరమే. పదండి ఆఫీసు దగ్గరికి."

గేదెను వదిలి నూకాలు రానంది, వదలనూ వదలనంది. కాబట్టి నలుగురూ, గేదే కలిసి వెళ్ళారు. ఆఫీసరు పక్కనే ఉన్న తన ఇంటి వరండాలో పిల్లలకి కాకరపువ్వొత్తుల పెట్టెలు విప్పుతున్నాడు. పెట్టెలన్నిటి మీదా ఆదెయ్య కొట్టు ముద్రే.

"అయ్యా! ఆదెయ్య దగ్గర లైసెన్సు లేకుండా బోలెడు సరుకుందండి!" అన్నాడు గవరయ్య.

ఆఫీసరు పెట్టెలమీద తువ్వాలు కప్పాడు. "నీకెలా తెలుసు?"

"ఎలా తెలియడం ఏంటండీ, ఇచ్చింది నేనే కదా! ఇదిగో, బదులుగా ఈ గేదె కూడా తీసుకున్నాను" అని ఎంతో గర్వంగా నల్లమ్మ వీపు చరిచాడు.

ఆఫీసరు మొహం ఎర్రగా కందిపోయింది. పట్టుకుంటే ఆదెయ్యని పట్టుకోవాలి, ఆదెయ్యని పట్టుకుంటే తువ్వాలు ఎత్తాలి. ఆ కోపమంతా అమాయకుడి మీద పడింది. "లైసెన్సు లేనివాడికి అమ్మి, వచ్చి నాతోనే చెప్తావా? నీ లైసెన్సు రద్దు! పండగ పూట కాబట్టి వదిలేస్తున్నా. గేదెను తోలుకుని ఇంటికి పొండి. వెనక్కి తిరిగి చూడకుండా పొండి! ఒక్కరు వెనక్కి చూశారా, నలుగుర్నీ లోపలేస్తా, గేదెను కూడా వదలను!"

గేదె పేరెత్తగానే నూకాలు మొగుడి రెక్క పట్టుకుంది. "ఎవరూ తల తిప్పకండయ్యా, మీకు పుణ్యముంటుంది!" అంది. అంతే, నలుగురూ మెడలు బిగబట్టి, ముక్కుసూటిగా చూస్తూ నడక మొదలెట్టారు. ముందు గవరయ్య పలుపు భుజాన వేసుకుని, ఆయన పక్కన మిగతా ముగ్గురూ, వెనక నల్లమ్మ.

ఆదెయ్య పెరటి ముందుకొచ్చేసరికి నల్లమ్మకి తెలగపిండి వాసన కొట్టింది. ఈ నాలుగు రోజులూ అక్కడ తొట్టినిండా తిన్న రుచి మరి! ఒక్కసారి మెడ విదిలించింది. వదులుగా ఉన్న పలుపు కొమ్ముల మీంచి జారిపోయింది. గేదె తాపీగా ఆదెయ్య దొడ్లోకి వెళ్ళిపోయింది.

"ఒరే గవరయ్యా, గేదె పోయిందిరా!" అని అరుగు మీద వీరాచారి అరిచాడు.

"విన్నారా? మనచేత వెనక్కి చూపించాలని ఎత్తు" అన్నాడు గవరయ్య నవ్వుతూ. "తిరక్కండి."

"అన్నయ్యా, పలుపు తేలిగ్గా లేదూ?"

"ఇంటికొస్తున్నానని అది హుషారుగా నడుస్తోందిరా."

వీరాచారి గొంతు పోయేదాకా అరిచి చతికిలబడ్డాడు. నలుగురూ ఇల్లు చేరారు. పాకలోకి కూడా ముక్కుసూటిగానే నడిచి, చేతులు వెనక్కి పెట్టి తడుముకుంటూ పలుపుని గుంజకి కట్టారు. సిమ్మాద్రి భుజం మీంచి వెనక్కి గడ్డి విసిరాడు. పోలయ్య కుడితి తొట్టి మడమతో వెనక్కి నెట్టాడు. నూకాలు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గోడవైపు మొహం పెట్టి పీట మీద కూర్చుంది. చెంబు వీపు వెనక పెట్టుకుని, రెండు చేతులూ వెనక్కి చాచి, గాల్లో పొదుగు కోసం వెతకసాగింది.

కాసేపు చూసి, అంటే గోడనే చూసి, గవరయ్య అడిగాడు. "ఏమేవ్, పాలు పడుతున్నాయా?"

"ఇంకా చేపడం లేదు మావా."

"కంగారు పడకు. నాలుగు రోజులు పరాయింట్లో ఉండొచ్చింది కదా, సిగ్గుపడుతోంది. కాస్త బుజ్జగించు."

నూకాలు గోడకేసి చూస్తూ "నల్లమ్మా, మా తల్లి కదూ" అని బుజ్జగిస్తూ, వెనక గాలిని పిండుతూనే ఉంది.