పాస్‌వర్డ్ అడగని కంప్యూటర్

"కోపం నన్ను వదిలిపోయిందనుకున్నానమ్మా. నిన్న మళ్లీ ఒకరి మీద అరిచాను. ఇన్నేళ్ల సాధనా వృథాయేనా?" అని పరాంకుశం ఆశ్రమంలో తన గురువు వేదవల్లమ్మను అడిగాడు.

ఆమె జవాబు చెప్పేలోపే నాగరత్నం కంగారుగా వచ్చింది. ఎదుట కూర్చుని చెప్పుకోలేనివాళ్లు ఆ ఆశ్రమంలో తమ బాధను రికార్డు చేసి వెళతారు. వేదవల్లమ్మ తప్ప మరొకరు వినరు. వాటిని ఆఫీసు కంప్యూటర్‌లో భద్రంగా ఉంచే బాధ్యత పరాంకుశానిది. నాగరత్నం కూడా అలా చెప్పుకున్న మనిషే.

"బస్సు టికెట్ కోసం కంప్యూటర్ ముందు కూర్చున్నానమ్మా. పాస్‌వర్డ్ అడగనే లేదు. ఏదో నొక్కితే ఎవరిదో ఏడుపు వినిపించింది. వెంటనే ఆపేశాను. నా మాటలూ అందులోనే ఉన్నాయి కదా? మా ఇంట్లోవాళ్ల చెవిన పడితే నేనేమైపోవాలి?"

పరాంకుశం పరుగున వెళ్లి చూశాడు. పొద్దున వచ్చిన అప్‌డేట్ అతను పెట్టిన కట్టుదిట్టాలన్నీ మార్చేసింది. పాస్‌వర్డ్ లేదు. బయటివాళ్లను అడ్డుకునే ఫైర్‌వాల్ పనిచేయడం లేదు. ఆశ్రమం వైఫైలో ఉన్న ఏ ఫోన్‌కైనా ఆ ఫోల్డర్ కనిపిస్తోంది.

"అన్నీ నా చేతులతోనే పెట్టానమ్మా!" అన్నాడు.

వేదవల్లమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "తెలుసు నాయనా. మళ్లీ పెట్టు."

అతను ఒక్కొక్కటే సరిచేశాడు. ఈలోపు ఇంకెవరూ ఆ ఫోల్డర్ తెరవలేదని కూడా చూసి చెప్పాడు. నాగరత్నం తన ఫోన్‌లో వెతికింది. ఏమీ కనిపించలేదు. కళ్లు తుడుచుకుని, అతనికి దండం పెట్టి బస్సుకు బయల్దేరింది.

"ఇకమీదట అప్‌డేట్లే రానివ్వనమ్మా" అన్నాడు పరాంకుశం.

"రానివ్వకపోతే?"

"కొత్త దొంగలకు దారి ఇచ్చినట్టే" అని తనే ఒప్పుకున్నాడు.

ఆమె నవ్వింది. "మొదటిసారి ఇదంతా పెట్టడానికి ఎంతసేపు పట్టింది?"

"రోజంతా తంటాలు పడ్డాను. ఇప్పుడైతే ఎక్కడేముందో చేతికే తెలుసు గనక..." అంటూ ఆగిపోయాడు. ఇందాక తను అడిగిన ప్రశ్న గుర్తొచ్చి ఆమె ముఖంలోకి చూశాడు.

వేదవల్లమ్మ అతని వీపు నిమిరి లేచింది.

"సాయంత్రం ఇంకోసారి చూడు."

"సాయంత్రానికే మళ్లీ అప్‌డేట్ రాదమ్మా."

"రాకపోయినా చూడు నాయనా."