దాణా బాకా

సైనికులు భయపెడితే మాట వింటారా, మంచి చేసుకుంటే వింటారా అన్నది గ్లెబ్ తుచిన్ ప్రశ్న. మర్నాడు అతను ఒక రౌతుల దళానికి అధిపతిగా బయల్దేరాలి. ఆ దళం అప్పటికే ఇద్దరు అధిపతుల్ని లెక్కచెయ్యకుండా వెనక్కి పంపింది. తనూ అలాగే తిరిగొస్తే అతని కొలువు అక్కడితో సరి.

అతను అడిగింది జనరల్ సావ్వా జుబ్రిన్‌ను. ఆయన రష్యా ఆశ్వికదళంలో అన్నిటికన్నా కింది అధికారిగా చేరి, యుద్ధానికో మెట్టు చొప్పున ఎక్కి జనరల్ అయ్యారు. ఇప్పుడు విశ్రాంతి తీసుకోకుండా ఆశ్విక పాఠశాలలో పాఠాలు చెబుతున్నారు. వాదన ఆయనకు అలవాటు లేదు. ఎదురుగా ఉన్న గుర్రం మెడ నిమురుతూ, దాన్యూబ్ నది ఒడ్డున జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

మేత వేళ బాకా ఊదితే, మైదానంలో గుర్రాలు ఎంత దూరాన ఉన్నా పరుగెత్తుకొచ్చేవి. ఇది చూసి చాలామంది అధికారులు, గుర్రాల్ని తొందరగా పోగుచెయ్యాల్సి వచ్చినప్పుడల్లా ఖాళీ సంచులతోనే ఆ బాకా ఊదించేవారు. జుబ్రిన్ మొదటి నుంచీ దానికి ఒప్పుకోలేదు. దాణా లేని పూట ఆయన దళంలో ఆ బాకా మోగదు. రౌతులే వెళ్లి గుర్రాల్ని ఒక్కొక్కటిగా పట్టి తెచ్చుకోవాలి. వానలో బురద తొక్కుతూ వాళ్లు ఆయన్ను తిట్టుకునేవారు. తోటి అధికారులైతే, ఆయన ఇంకా చిన్న ఉద్యోగంలో ఉండగానే 'దాణా జనరల్' అని పేరు పెట్టేశారు.

నిజంగా జనరల్ అయ్యాక వచ్చిన యుద్ధంలో, ఒక తెల్లవారుజామున టర్కీ సుల్తాను సైనికులు మేత మైదానం మీద పడి, ఆయన గుర్రాలనూ, పక్కనే విడిది చేసిన కర్నల్ ఓర్లిక్ గుర్రాలనూ తోలుకుపోయారు. రెండ్రోజులాగి ఆ గుర్రాలే ఎక్కి, కత్తులు దూసి, నది దాటే రేవు కాస్తున్న రష్యన్ల మీదికి వచ్చారు. రౌతులంతా నేల మీద నిలబడి ఉన్నారు. రేవు పోతే వెనక ఉన్న సైన్యమంతా చిక్కుబడుతుంది.

“దాణా బాకా ఊదు,” అన్నారు జుబ్రిన్.

“వాళ్లను ఫలహారానికి పిలుస్తున్నారా, సావ్వా గారూ?” అని నవ్వాడు ఓర్లిక్.

బాకా మోగింది. దూసుకొస్తున్న వరసలో సగం గుర్రాలు చెవులు నిక్కించాయి. కళ్ళేలు ఎంత గుంజినా ఆగలేదు. వరస చీల్చుకుని, మీద ఉన్నవాళ్లను మోసుకుంటూ తిన్నగా విడిదిలోకి వచ్చి, ఎప్పటి చోట్లలో అవి నిలబడ్డాయి. వాటి మీది సైనికులు అయోమయంగా కత్తులు కింద పడేశారు. ఓర్లిక్ గబగబా తన బాకా కూడా ఊదించాడు. ఊదీ ఊదీ బాకావాడి మొహం కందగడ్డయింది. ఓర్లిక్ గుర్రాలు ఒక్కటీ తల తిప్పలేదు.

అవతల మిగిలిన శత్రువులు తేరుకునేలోగా, జుబ్రిన్ రౌతులు గుర్రాల నోటికి తలా దోసెడు దాణా అందించి, జీనెక్కి విరుచుకుపడ్డారు. మధ్యాహ్నానికి రేవు నిలిచింది, అవతలి ఒడ్డూ చేతికొచ్చింది. ఓర్లిక్ గుర్రాలను కూడా వాళ్లే పట్టి తెచ్చిచ్చారు. ఒకప్పుడు తిట్టుకున్న రౌతులే ఆ సాయంత్రం ఆయన్ను భుజాల మీద మోశారు.

గ్లెబ్‌కు ఇంకో ప్రశ్న మిగిలింది.

“ఆ పొద్దున దాణా నిండుకుని ఉంటే ఏం చేసేవారు, జనరల్ గారూ?”

“నేల మీదే నిలబడి పోరాడేవాళ్లం,” అన్నారాయన. “బాకా మాత్రం ఊదించేవాణ్ణి కాదు.”