దయామణి టీచరు కారు పందెం

తాతాజీ మాస్టారు అడిగినదానికి జవాబు చెప్పరు. ఏదో ఒక పని చేతిలో పెడతారు. బందరులో ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ కాలంతోపాటు కంప్యూటర్లు బాగుచేసే కొట్టుగా మారింది గానీ, ఆ అలవాటు మాత్రం మారలేదు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న హైమ ఒకనాడు, "మాస్టారూ, పాతదానికీ కొత్తదానికీ పొసగనప్పుడు ఎవరు తగ్గాలండీ?" అని అడిగింది. ఆయన గుమ్మంకేసి చూసి, "దయామణి టీచరుగారు వస్తున్నారు, ఆవిడ పని చూడు" అన్నారు.

రిటైరైన దయామణి టీచరు ఆటోలో వేసుకొచ్చింది పాతికేళ్ల నాటి కంప్యూటరు. అందులో కారు పందెం ఆట ఒకటుంది. ఆదివారం చర్చి నుంచి రాగానే అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే కీబోర్డు ముందు చేరేవారట. కారు తిప్పడం ఈవిడ వంతు, వేగం చెల్లెలు కరుణ వంతు. వంతెన రాగానే "నిదానం అక్కా, నిదానం" అని అరుస్తూనే కరుణ వేగం పెంచేసేదట! ఆ కరుణ పోయి ఏడాదైంది. టీచరుగారి వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు పోయి మీటలు నొక్కలేకపోతున్నాయి. అందుకని మెత్తగా ఉండే కొత్త గేమ్ కంట్రోలర్ కొన్నారు. పాత కంప్యూటరేమో పిలవని పేరంటానికి వచ్చినదాన్ని చూసినట్టు చూసి, ఎవరో తెలీదు పొమ్మంది.

"ఒక్కసారి ఆ వంతెన దాటాలమ్మా. కుదరదంటే దీన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాను. ఊరికే ఎదురుగా ఉంటే దుఃఖం వస్తోంది."

"కొత్త కంప్యూటర్లో ఇలాంటి ఆటలు బోలెడున్నాయండీ."

"ఉంటాయమ్మా. వాటిలో మా చెల్లి లేదు."

హైమ పనిలోకి దిగింది. కొత్త కంట్రోలర్‌ను పాతకాలపు జాయ్‌స్టిక్‌లా నమ్మించే చిన్న డబ్బా ఒకటి మధ్యలో తగిలించింది. కంప్యూటరు లొంగింది. బొటనవేలి కింది బొడిపెను నడిమధ్యన ఉంచి బటను నొక్కమని తెర అడిగింది; నొక్కినప్పుడు బొడిపె ఎక్కడుంటే కారు సూటిగా పోయే చోటు అదేనని కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది. హైమ నేర్చుకున్నట్టే బొడిపె మీంచి వేలు తీసేసి, బటను నొక్కింది. తను నడిపి చూస్తే కారు సూటిగా పోయింది.

టీచరుగారి చేతికొచ్చేసరికి అది ఎడమకే ఈడ్చింది. ఆవిడ వేలు ఆనగానే బొడిపె ఆ పక్కకే ఒరుగుతోంది. కారు మళ్లీ మళ్లీ కాలవలో పడ్డాక ఆవిడ కంట్రోలర్ బల్లమీద పెట్టేశారు. "యంత్రం తప్పేం లేదమ్మా. నా చేతులే పనికిరాకుండా పోయాయి" అన్నారు. హైమ తగిలించినవన్నీ మళ్లీ చూసుకుంది. ఎంత వెతికినా తన పనిలో తప్పు కనబడలేదు, అదే ఇంకా బాధ.

మాస్టారు లేచి వచ్చి, హైమ కుదిర్చిన కొలతంతా చెరిపేశారు. కంట్రోలర్ మళ్లీ టీచరుగారి చేతికిచ్చి, "మీ వేలు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడే ఆనించండి. ఏమీ సరిచెయ్యొద్దు" అన్నారు.

"అది పక్కకి ఒరిగిందండీ మాస్టారూ" అని హైమ అడ్డుపడింది. ఆయన వినిపించుకోలేదు. వేలు అలా ఒరిగి ఉండగానే బటను నొక్కారు.

ఈసారి కారు ఎటూ లాగలేదు. వంతెన మీద టీచరుగారు వేగం తగ్గించలేదు కూడా. అటు ఒడ్డు చేరాక ఆవిడ బావురుమన్నారు, ఆ వెంటనే నవ్వారు, ఇంకో ఆట ఆడతానన్నారు.

హైమ వచ్చి మాస్టారి పక్కన నిలబడింది.

"నడిమధ్య ఎక్కడో నువ్వు యంత్రాన్ని అడిగావు" అన్నారాయన మెల్లగా. "ఆవిడ వేలిని అడగలేదు."