తల్లి వయసుకు వచ్చిన కూతురు

ఎవరు ఏ ప్రశ్న వేసినా హైమావతి గారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు కూర్చోమనేవారు. తర్వాత ఎప్పుడో ఎవరికో జరిగినది చెప్పేవారు, పేరూ ఊరూ మార్చి. తెనాలిలో ఒక మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకుని, నలభై దాటిన ఆడవాళ్ల మనసులోని బాధలు వినడమే పనిగా పాతికేళ్లు గడిపిన మనిషి ఆమె. కౌన్సెలింగ్ చదువు ముగించి ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న మృదుల ఒక మధ్యాహ్నం అడిగింది.

"మేడమ్, నెలసరి ఆగిపోయే వయసులో వచ్చే ఈ చెమటలూ, దిగుళ్లూ చాలామందికి కొన్నేళ్లలో వాటంతటవే తగ్గిపోతాయి కదా. మరీ ఎక్కువైతే డాక్టర్లు మందులిస్తారు. మధ్యలో మనం కూర్చుని వినడం దేనికి?"

"కూర్చో," అన్నారు హైమావతి గారు.

సలోమి అనే ఆవిడ పిల్లల ఆసుపత్రిలో హెడ్ నర్సు. నలభై ఎనిమిదేళ్లు. ఎంత ఏడ్చే బిడ్డకైనా ఒక్క పోటుతో నరం దొరకబుచ్చుకుంటుందని ఆవిడకు పేరు. ఆ ఏడాది వేసవి నుంచి నిద్ర కరువైంది. వార్డులో నిలబడి ఉండగానే మెడ దగ్గర సెగ పుట్టి ముఖమంతా పాకేది. జాకెట్టు తడిసిపోయేది, గుండె దడదడలాడేది. అది చల్లారాక భయం మొదలయ్యేది. ఇందాక ఆ పాపకి సిరంజిలోకి మందు ఎంత తీశాను? రెండా, మూడా? వెనక్కి వెళ్లి కాగితం చూసుకునేది. సరిగ్గానే ఉండేది. చేతులు కడుక్కునేలోపు మళ్లీ అనుమానం, మళ్లీ వెళ్లేది. ఒకరోజు ఒకే మంచం దగ్గరికి ఏడుసార్లు వెళ్లింది. ఏడోసారి ఆ పాప తల్లి లేచి నిలబడి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"సిస్టర్, మా పాపకి ఏమైంది? దాచకండి," అని ఏడవడం మొదలుపెట్టింది.

పాపకు ఏమీ కాలేదు. మర్నాడు సలోమి సెలవు పెట్టింది.

లేడీ డాక్టరు పరీక్షలు చేయించి, ఇది వయసు వల్ల వచ్చిందేనని మాత్రలు రాసి, హైమావతి గారిని కూడా కలవమంది. సలోమి వచ్చి కుర్చీ అంచున కూర్చుని, "ఇదంతా వయసు వల్లేనన్న పాఠం నాకూ తెలుసమ్మా, పదిమందికి నేనే చెప్పాను," అంది. అంతకు మించి మాట్లాడలేదు. మూడోసారి వచ్చినప్పుడు మాత్రం, తలుపు వేసి ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, నెమ్మదిగా అంది.

"మా అమ్మకి పిచ్చి. ఆమెకీ సరిగ్గా ఈ వయసులోనే మొదలైంది."

తల్లి పేరు ఎస్తేరమ్మ. పట్టపగలు కట్టుకున్న చీరతోనే నెత్తిన బిందెలతో నీళ్లు కుమ్మరించుకునేదట. బియ్యం చెరుగుతూ చెరుగుతూ ఏడ్చేదట. కూరలో ఉప్పు వేశానో లేదో తెలియక రెండోసారి వేసేదట. ఇంట్లోవాళ్లు ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేశారు. వెనక గదిలో మంచం వేశారు. అప్పుడు సలోమికి పదిహేడేళ్లు. ఎప్పుడైనా తల్లి అన్నం కలిపి పెడితే, అందులో ఏం వేసిందోనని తినకుండా కాలేజీకి వెళ్లిపోయేది.

"మా ఆయనకి కూడా చెప్పలేదండీ. తెలిస్తే నాకూ ఒక గది చూస్తారేమో."

మీకు పిచ్చి లేదని హైమావతి గారు అనలేదు. ఆ రోజుల్లో మీ అమ్మగారిని దగ్గరుండి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మాత్రం అడిగారు. ఉంది, రేపల్లెలో పిన్ని దీనమ్మ. అమ్మది పిచ్చేనా అని అడిగితే అవునంటుందేమోనన్న భయంతో సలోమి మూడు వారాలు వాయిదా వేసింది. చివరికి ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది గానీ, ఆ ప్రశ్న మాత్రం నోట రాలేదు. హైమావతి గారే అడగవలసి వచ్చింది.

"పిచ్చేంటమ్మా!" అంది దీనమ్మ. "ముట్లుడిగే రోజులవి. ఒళ్లు మండిపోతోందే దీనా అని నాతో అనేది. అయిదారేళ్లకి నాకూ వచ్చింది. అప్పటిదాకా నాకు మాత్రం ఏం తెలుసు?"

"మరి అమ్మకి చివరిదాకా తగ్గలేదు కదా పిన్నీ?"

"ఎందుకు తగ్గలేదు? నాలుగేళ్లకి మామూలు మనిషైంది. నీ పెళ్లి చీరకి అంచు కుట్టింది ఎవరనుకున్నావు? కానీ అప్పటికి అందరికీ అలవాటైపోయింది. పొయ్యి దగ్గరికొస్తే ఎవరో ఒకరు లేచి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లేవాళ్లు. పోనుపోను తనే రావడం మానేసింది. ఇంకా ఎన్నాళ్లు బాగుంటే నమ్ముతారే నన్ను, అని నన్నొకసారి అడిగింది. నేనేం చెప్పను?"

"ఆ మనిషి కలిపిన అన్నం నేను ముట్టుకోలేదు పిన్నీ," అంది సలోమి. ఆ గదిలో ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకోవడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రమే భర్త ప్రకాశానికి అంతా చెప్పింది. అతను విని, "నామీదే ఏదో కోపం అనుకున్నాను ఇన్నాళ్లూ," అన్నాడట. నెల తర్వాత ఉద్యోగంలో చేరింది. మందు తీసేటప్పుడు పక్కన మరో నర్సును నిలబెట్టి ఇద్దరూ పైకి చదివి చూసుకునే ఏర్పాటు చేసుకుంది. చెమటలు ఇంకో రెండేళ్లు ఉన్నాయి. భయమూ ఒక్కరోజులో పోలేదు. కొన్నాళ్లు మంచం దగ్గరికి రెండోసారి వెళ్లి చూసేది, మూడోసారి వెళ్లబోయి ఆగిపోయేది. ఏడాదిపాటు ప్రతి గురువారం ఈ మేడ మెట్లు ఎక్కింది.

హైమావతి గారు చెప్పడం ఆపారు. మృదుల "అయితే ఆవిడకి తగ్గింది మందుల వల్లా మేడమ్, మాటల వల్లా?" అని అడిగింది.

"అది నాకు తెలియదు," అన్నారు హైమావతి గారు. "వాళ్లమ్మకి మాత్రం, నువ్వన్నట్టు, దానంతట అదే తగ్గింది."